దుర్యోధనుడికి మైకు

చిత్తూరు బజారులో సైకిలు షాపు పక్కన రేడియోలు బాగుచేసే చిన్న అంగడి నాది. ఆ యేడు ఎండాకాలంలో నా చేతికొచ్చిన ఒక్క రేడియోనూ నేను నిలకడగా చూసి ఇవ్వలేదు. మనసంతా మా నాయన గొంతు మీదే ఉండేది.

మా ఊళ్ళో ద్రౌపదమ్మ గుడి ముందు ఏటా భారతం జరిగేది. చివరిరోజు పొద్దున మైదానంలో పెద్ద మట్టి దుర్యోధనుణ్ణి పడుకోబెట్టి, దాని చుట్టూ భీముడి వేషగాడు దుర్యోధనుడి వేషగాణ్ణి తరుముతాడు. తొడ విరిగి పడ్డాక దుర్యోధనుడు తన చివరి మాటలు చెప్పుకుని ప్రాణం విడుస్తాడు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ వేషం మా నాయనదే. ముందటేడు ఆయన గొంతు జీరబోయి, వెనక చింతమాను కింద కూర్చున్న ఆడవాళ్ళకు ఒక్క ముక్కా వినపడలేదు. గుడి ధర్మకర్త ఇంటికే వచ్చి మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"అన్నా, ఈ తూరి గూడా నీ మాట చింతమాను కాడికి రాకుంటే వేషం ఇంకొకరికి ఇచ్చేస్తామప్పా. ఏమీ అనుకోవద్దు."

అనుకోకుండా ఎట్లా ఉంటాడు? నాయన ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక పటాలం వాళ్ళు వదిలించుకున్న సామాన్లు మద్రాసులో కుప్పలు పోసి అమ్మేవారు. ఆ కుప్పలోంచి తెచ్చిన చవకబారు యాంప్లిఫయరు, మాటను పెద్దది చేసే పెట్టె, ఒకటి నా అంగట్లో పడి ఉండేది. లారీ బ్యాటరీకి తగిలిస్తే మాట కంటే గుర్రుమనే చప్పుడే ఎక్కువ. ఎండిపోయిన కండెన్సర్లు తీసేసి మంచివి టంకం పెడితే ఆ గుర్రు తగ్గింది. అంతటితో అయిపోయిందా? దాని మైకు సిపాయిలు పెదవులకు ఆనించుకుని మాట్లాడేది. గద పట్టుకుని పరుగెత్తే మనిషి మైకెక్కడ పట్టుకుంటాడు, నా తలకాయ! వెదురుబొంగుకు కట్టి కాస్త దూరం నుంచి మాట్లాడితే దోమ పాడినట్టుండేది. మైకు తెచ్చే చిన్న శబ్దాన్ని ముందుగానే పెంచడానికి ఇంకొక గాజు వాల్వు కావాలి. చిత్తూరంతా గాలించి, దొరక్క, రైలెక్కి పాకాల మీదుగా తిరుపతి పోయాను. అక్కడొక సత్రంలో మూలపడిన రేడియోను బతిమాలి తెచ్చి, దాని వాల్వు పీకి ఇందులో కూర్చాను.

మైదానానికి తెచ్చి పెడితే, ఇప్పుడు పెట్టె కీచుమని కూత మొదలుపెట్టింది. దానికి తగిలించిన బాకాలోంచి వచ్చే శబ్దం మళ్ళీ మైకులోకే దూరుతోంది. బాకాను తీసుకుపోయి చింతమాను కొమ్మకు, అవతలికి తిప్పి కట్టాక కూత ఆగింది. అయినా నాకు నమ్మకం లేదు. విప్పేవాణ్ణి, బిగించేవాణ్ణి, బాకా దగ్గరికి పరుగెత్తేవాణ్ణి, మళ్ళీ వచ్చి విప్పేవాణ్ణి.

"బాగానే ఉండాది గదరా! కాలికి బలపం కట్టుకున్నావా ఏంది?" అని అమ్మ అరిచేది.

నాయనకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "అరవద్దు నాయనా. ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడితే సాలు."

"అట్ల మాట్లాడితే వాడు దుర్యోధనుడెట్ల అవుతాడురా?" అన్నాడు.

ఆ రోజు వచ్చింది. వెదురుబొంగును మట్టి దుర్యోధనుడి తల దగ్గర పాతి, మైకు వేలాడదీసి, పక్కనే పెట్టెతో కూర్చున్నాను. నాయన మీసం దువ్వి, మైకు ముందుకొచ్చి, ఉన్న బలమంతా కూడగట్టుకుని అరిచాడు. బాకా బరబరమంది. పిల్లలు చెవులు మూసుకున్నారు. నేను శబ్దం తగ్గించాను, ఆయన ఇంకా గట్టిగా అరిచాడు. గొంతు చీలిపోయింది. ధర్మకర్త తల అడ్డంగా ఊపడం చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

భీముడి దెబ్బకు నాయన పడ్డాడు. పడడమూ సరిగ్గా మైకు కిందనే పడ్డాడు. నేను శబ్దం పూర్తిగా పెంచేశాను. ఆయన ఆయాసం మైదానమంతా వినిపించింది. ఇక అరిచే ఓపిక లేక, తల నా వైపు తిప్పి, నాకొక్కడికే అనుకుని మెల్లిగా అడిగాడు.

"రేయ్ అబ్బోడా... ఆడోళ్ళకు ఇనిపిస్తాండాదా?"

ఆ మాట చింతమాను మీద నుంచి ఖంగుమని మోగింది. చెట్టు కింద ఒక ముసలామె లేచి నిలబడింది.

"బాగా ఇనిపిస్తాండాదప్పా! నువ్వు సావు!"

మైదానమంతా ఘొల్లుమంది. గద పట్టుకున్న భీముడు కూడా నవ్వాడు. నాయన కొంతసేపు బిత్తరపోయి చెట్టు వైపు చూశాడు. తర్వాత కళ్ళు మూసుకుని, ఇంట్లో మాట్లాడినట్టే, దుర్యోధనుడి చివరి మాటలు చెప్పాడు. తల్లికి చెప్పాడు, చచ్చిపోయిన తమ్ముళ్ళకు చెప్పాడు. నవ్వులు ఆగిపోయాయి. చింతమాను కింద ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు.

అయిపోయాక ధర్మకర్త వచ్చి నాయన భుజం తట్టాడు. "వచ్చే యేటికీ నువ్వేనన్నా. ఇంక మాట లేదు."

నాయన వినలేదు. రంగు కారిన మొహంతో, కిరీటం ఒళ్ళో పెట్టుకుని మైకునే చూస్తున్నాడు.

"ఇట్ల మెల్లిగా సెప్పినా ఇంటారని ముందే తెలిసుంటే, గొంతు మిగిలుండేది గదరా," అన్నాడు.

నేను స్క్రూడ్రైవరు తీసుకుని, ఏ లోపమూ లేని ఆ పెట్టెను మళ్ళీ విప్పడం మొదలుపెట్టాను.