మిలిటరీలో చేరితే కల్లు మానొచ్చని

మిలిటరీలో చేరాలంటే గాలి పీల్చినప్పుడు ఛాతీ ఉబ్బాలట. నేనెంత పీల్చినా నా చొక్కా గుండీలకు ఆ సంగతి తెలియదు. మా వాడకట్టు మిలిటరీ మామ టేపు పెట్టి, "పీల్చు అల్లుడా, ఎంతసేపు చూడాలె?" అన్నాడు. అప్పటికే నేను పీల్చి, వదిలేసి కూడా కొంతసేపయింది.

ఈ మామ సరిహద్దుల్లో కొలువు చేసి, పింఛనుతో కల్వకుర్తి పక్కనున్న మా ఊరికి తిరిగొచ్చినవాడు. నేను ఆయన దగ్గరికి దేశభక్తితో పోలేదు. కల్లు మానడానికి పోయాను.

మా దగ్గర కల్లంటే చెట్టు మీంచి దిగేది అనుకోకండి. ఊళ్లో ఈత చెట్లు ఎక్కడో ఒకటీ అరా కనిపిస్తాయి, దుకాణంలో సీసాలు మాత్రం పెట్టెలకు పెట్టెలు. నీళ్లలో ఏదో మత్తు పొడి కలుపుతారని అందరికీ తెలుసు. తెలిసే తాగుతాం. తాగితే నిద్ర, తాగకపోతే వణుకు. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసి సెంట్రింగ్ పనిలో చేరాను. ఒళ్లు నొప్పులకని సాయంత్రం ఒక సీసా మొదలైంది. తర్వాత చేతులు వణక్కుండా ఉండటానికి పొద్దున ఇంకొకటి. ఒకరోజు నా చేతిలోంచి సుత్తి జారి, కింద నిలబడ్డ మేస్త్రీ కాళ్ల దగ్గర పడింది. "రేపటిసంది పైకెక్కకు. నువ్వు పడ్తే పడ్తివి, నన్నెందుకు సంపుతవు?" అన్నాడాయన.

పని పోయిందని అమ్మకు చెప్పాను. "మిలిటరీల కల్లు దొరకదు గద బిడ్డా. అండ్లకు పోరాదు?" అంది. అక్కడ రమ్ము ఇస్తారని అమ్మకు తెలియదు, నేనూ చెప్పలేదు. ఆ మాట నాకు నచ్చింది. చుట్టూ గోడ, గేటు దగ్గర తుపాకి పట్టుకున్న మనిషి, లోపల నేను. నా అంతట నేను మానలేనని అప్పటికే తెలిసిపోయింది. మెస్సులో ఊడ్చి వడ్డించే పనికి ఎనిమిది పాసైతే చాలట. నా చదువు చూసే ఆ రూలు రాసినట్టున్నారు.

మామ షరతు ఒక్కటే పెట్టాడు. "పొద్దుగాల ఉరుకుడు. కల్లు ఇయ్యాల్టిసంది బంద్. జర జర తగ్గిస్త అంటే నడ్వది. ఆర్డర్ అంటే ఆర్డరే."

మొదటి రోజు చెరువు కట్ట దాకా ఉరికాను. మర్నాడు చెమటలు పట్టి, నాలుక మడత పడింది. ఆ మర్నాడు మెడ ఒక పక్కకు గుంజుకుపోయింది. గోడ మీది చీమలను దులుపుతూ కూర్చున్నాను. చీమలు లేవని అమ్మ అంటే, "ఉన్నయమ్మా, లైన్ల నిలబడ్డయ్, సెలెక్షన్‌కు వొచ్చినట్టున్నయ్" అన్నానట. నాకు గుర్తులేదు. అమ్మే తర్వాత చెప్పింది, నవ్వకుండా. ఆ మధ్యాహ్నం పళ్లు కరుచుకుపోయి మంచం మీంచి కింద పడ్డాను.

మా ఊళ్లో ఆడవాళ్లూ కల్లు తాగుతారు. అమ్మ ముట్టదు. నాయిన దానితోనే పోయాడు. ఆ అమ్మ, నాకు తెలివి రాగానే కొంగు నెత్తి మీదికి లాక్కుని దుకాణానికి పోయి సీసా తెచ్చింది. నన్ను గోడకు ఆనించి చెంచాతో పోసింది. పోస్తూ దుకాణపోణ్ణి తిట్టింది, మామను తిట్టింది, నన్ను తిట్టింది. చెంచా మాత్రం ఆపలేదు.

మర్నాడు పాలమూరు దవాఖానలో డాక్టరు అమ్మను కోప్పడ్డాడు. "ఒక్కసారే బంద్ చెయ్యమని ఎవరు చెప్పిన్రమ్మా? పానం పోతుండె. గోలీలు రాస్త. మెల్లమెల్లగ తగ్గించాలె, నెలలు పడ్తది." మిలిటరీకి పోవచ్చా సార్ అని అడిగాను. ఆయన నా ముఖం చూడలేదు, చేతులు చూశాడు.

మామ వచ్చి గడప బయటే నిలబడ్డాడు. "నాకెర్క లేదు అల్లుడా. పటాలంల పోరగాండ్లకు రమ్ము మాన్పిచ్చినట్టే అనుకున్న" అన్నాడు. ఆర్డరు వేయడం తప్ప ఆయనకు వేరే వైద్యం రాదు.

సెలెక్షన్ రోజు ఊరి పిలగాండ్లు జీపెక్కి పోయారు. నేను అరుగు మీద కూర్చుని చూశాను. అప్పటికి గోలీలు అయిపోయాయి. మళ్లీ తెచ్చుకోవాలంటే పాలమూరు దాకా బస్సులో కూర్చోవాలి, వణుకు మొదలైతే నేను అరుగు దిగలేను. జీపు రాకముందే మళ్లీ అమ్మే దుకాణానికి పోయి వచ్చింది, మళ్లీ చెంచా. జీపు లేపిన దుమ్ము ఇంకా అణగలేదు. ఏదో ఒకటి అనాలి కదా అని అన్నాను.

"నేను పోకపోవుడే మంచిగైందమ్మా. దేశం బతికింది."

అమ్మ బోకెలు తోముతూ తల ఎత్తలేదు.

"దేశం సంగతి నాకెర్క లేదు. రేపు దుకాణంకు నన్ను తోలకు, గంతే సాలు."