చీలమండ దాటని తోట

టైలరు మామయ్యకి నీడ కొలిచే పిచ్చి. ఎవరింటికి వెళ్ళినా వాళ్ళు కుర్చీ చూపించేలోపే మెడలో టేపు తీసి, ఎండ పడని మూల వెతుక్కుని, సుద్దతో గీత గీసేవాడు. కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు మురిసిపోతూ హాలు చూపించబోతే, "హాలు బాగుందండీ, మరి ఎండ పడని చోటెక్కడ?" అని అడిగేవాడు. వాళ్ళ మొహాలు మాడిపోయేవి.

ఉద్యోగం కోసం ఆయనింట్లో ఉంటున్న మేనకోడలికి మాత్రం మామయ్యంటే మహా గర్వం. "మా మామయ్య బట్టలు కుట్టడం మానేసి ఇప్పుడు నేలకి కుడుతున్నాడు" అని ఆఫీసులో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేది.

ఆ నేల అపార్టుమెంటు వెనక సందు. ఏడాది పొడుగునా ఎండ మొహం చూడని బురద. ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి ఉండే, నీడలోనే హాయిగా పాకే మొక్కలు తెచ్చి అందులో నాటాడు. మొక్కకీ మొక్కకీ జానెడు ఖాళీ.

"ఇదేంటి మామయ్యా, బట్టతలలా ఉంది?"

"ఎదిగే పిల్లలకి వదులుగా కుట్టాలే పిచ్చిదానా. రెండేళ్ళు ఆగు."

రెండేళ్ళకి మట్టి కనబడకుండా పచ్చగా కమ్ముకుంది. మేనకోడలు ఆఫీసువాళ్ళని వెంటబెట్టుకొచ్చి మరీ చూపించింది. ఆమెకి ఒక్కటే వెలితి.

"నాలుగు పొడుగు మొక్కలు పెడితే ఇంకా అందం కదా?"

"చీలమండ దాటకూడదు."

"ఎందుకని?"

"కొలత అంతే."

ఏ ఆకైనా కాస్త తలెత్తితే బట్టల కత్తెరతో టక్కున కోసేవాడు.

అలాంటి తోట మీద అపార్టుమెంటు సెక్రటరీ కన్ను పడింది. దోమలు చేరుతున్నాయనీ, పీకించి టైల్స్ వేయిద్దామనీ ఆదివారం మీటింగు పెట్టాడు. మామయ్యకి మూడు రోజులు అన్నం సయించలేదు. టేపు కూడా మెడలో వేసుకోలేదు.

మీటింగు సందులోనే జరిగింది. మేనకోడలు శాయశక్తులా మాట్లాడింది. అయినా ముప్పాతిక మంది టైల్స్‌కే చేతులెత్తారు. ఇంతలో పక్కనే ఉన్న కింది అంతస్తు కిటికీలోంచి సెక్రటరీ తల్లి గొంతు వినిపించింది. కాలు విరిగి ఆవిడ రెండేళ్ళ పైగా మంచం మీదే ఉంది.

"టైలరు గారూ, వచ్చారా? ఆ ఎడమ పక్క కాస్త కత్తిరించండి. నిన్న మావాడి స్కూటరు చక్రం కనపడలేదు."

సెక్రటరీ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "ఏంటమ్మా?"

"నువ్వు ఇంటికొచ్చేది రోజూ చూస్తాన్రా. ఇదివరకు ఈ బురద చూడలేక కిటికీ మూసేసుకునేదాన్ని. ఈయన నా తలగడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, సందు చివర గేటు దాకా చూపు కొలుచుకుని నాటారు."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే కిటికీ వంక చూసుకుంటూ వస్తావు. మామూలుగా రావడమే బాగుంటుంది."

మేనకోడలు మామయ్య కోసం చూసింది. ఆయన గోడ మూల వంగి, ఏమీ విననట్టు సుద్ద వెతుక్కుంటున్నాడు. "ఈయన మా మామయ్యండీ" అంది పక్కావిడతో, ఆవిడకి ఇరవయ్యేళ్ళుగా తెలిసిన సంగతే అయినా.

సెక్రటరీ టైల్స్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "తోట ఉంచేద్దాం" అంటూ ముందుగా తనే చెయ్యెత్తాడు.

మామయ్య లేచి నడుం పట్టుకున్నాడు. "అదంతా సరే గానీ బాబూ, స్కూటరు రోజూ అక్కడే ఆపండి. అటూ ఇటూ జరిపారంటే మళ్ళీ కొలత తియ్యాలి."