క్రోమ్ పట్టీల వెనుక గులాల్

రంగు వేయించుకుని బండి ఇంటికి వచ్చిన రోజు మా అమ్మాయి దాని చుట్టూ ఒకసారి తిరిగి, "నాన్న, నగలన్ని తీసేసిన పెండ్లిపిల్ల లెక్కున్నది" అన్నది.

"శుభమా అని పెండ్లి పెట్టుకోని ఏం మాటలే అవి!" అని వంటింట్లోంచి మా ఆవిడ కసిరింది.

నగలంటే ఆ పికప్ బండి క్రోమ్ సామాను. ముందరి గ్రిల్, బంపర్లు, దీపాల చుట్టూ రింగులు, రెండు పక్కలా వెనుక సామాను వేసే డాలా అంచు వెంబడి పొడుగ్గా పోయే పట్టీలు. రంగుకు పంపే ముందు అన్నీ నేనే విప్పి, పాత చీరల్లో చుట్టి మేడ మీద దాచాను. నేను రిటైరైన ఏడాది అది. తీరికే తీరిక. మళ్లీ బిగించేది కూడా నేనే అని పట్టుబట్టాను. అంతా బిగించాక ఆ బండిలోనే పెండ్లికి పోతానని అమ్మాయి ఎప్పుడో నా దగ్గర మాట తీసుకుంది.

బండి మా బాపుది, అంటే అమ్మాయి తాతది. చిక్కడపల్లిలో ఆయనకు టెంట్ హౌస్ ఉండేది. కుర్చీలు, షామియానాలు, వంట డేగిసాలు అన్నీ ఈ పికప్‌లోనే పోయేవి. అమ్మాయికి తెలిసింది అంతవరకే. ఆమె పుట్టేసరికి బాపు లేడు, బండి టార్పాలిన్ కిందికి చేరింది.

ఆమెకు తెలియనిది ఇంకొకటి ఉంది. అశోక్‌నగర్‌లో గానీ, నారాయణగూడలో గానీ, బర్కత్‌పురలో గానీ ఎవరింట్లోనైనా మనిషి పోతే ముందు మా గేటే కొట్టేవారు. బాపు కాదనేవాడు కాదు. కుర్చీలు దింపేసి, బండి కడిగి, వెనుక గడ్డి పరిచి, శవాన్ని అంబర్‌పేట శ్మశానానికి తీసుకుపోయేవాడు. తిరిగి వచ్చాక మళ్లీ కడిగేవాడు. మర్నాడు అదే బండిలో ఎవరి పెండ్లికో కుర్చీలు పోయేవి. బస్తీలో ఎవరూ ఏమీ అనేవారు కాదు. మా అమ్మ మాత్రం బతికినన్నాళ్లూ ఆ బండి ఎక్కలేదు.

ఈ సంగతి మా ఆవిడకు తెలుసు. "ఆ బండ్ల పిల్లను ఎట్ల కూసోబెడ్తరు? వద్దని చెప్పుండ్రి. ఎందుకో నేను చెప్పలేను, మీరే చెప్పుండ్రి" అని నన్ను పోరుతూనే ఉంది. నేను గ్రిల్ తుడుస్తూ, రేపు చెప్తాలే అంటూ రోజులు నెట్టాను.

ఒక మధ్యాహ్నం వాకిట్లో చాప పరిచి పక్క పట్టీలు శుభ్రం చేస్తున్నాను. పైకి నున్నగా మెరిసే ఆ పట్టీ వెనకవైపు సన్నటి కాలువలా డొల్లగా ఉంటుంది. అమ్మాయి పాత టూత్‌బ్రష్ కిరోసిన్‌లో ముంచి ఆ కాలువ రుద్దుతోంది. లోపలి నుంచి గులాబీరంగు పొడి పెళ్లలు పెళ్లలుగా రాలింది. దాంట్లో నల్లబడిన పేలాలు.

"నాన్న, ఇదేంది? ఈ బండి మీద హోలీ ఆడిన్రా?"

అది గులాల్. మా వైపు శవాన్ని సాగనంపేటప్పుడు దారి పొడుగునా గులాల్, పేలాలు, పూలు చల్లుతారు. బాపు ఎంత కడిగినా పట్టీల వెనక్కి నీళ్లు పోలేదన్నమాట. ఇన్నేళ్లూ అది అక్కడే ఉంది. అమ్మాయి వేళ్లకు అంటిన ఆ రంగు చూశాక ఇంక రేపటికి నెట్టడానికి లేదు.

"హోలీ కాదు బిడ్డ" అని మొదలుపెట్టి అంతా చెప్పాను.

ఆమె వేళ్లు తుడుచుకోలేదు. పట్టీ వంకే చూస్తూ, "నువ్వు ఎప్పుడన్న పోయినవా తాతతోటి?" అని అడిగింది.

"ఒక్కసారి పోయిన."

నేను డిగ్రీలో ఉన్నప్పటి మాట. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి సర్కారు ఉద్యోగం పరీక్షకు చదువుకుంటున్న ఒక పిల్లవాడు జ్వరంతో పోయాడు. కబురంది వాళ్ల నాన్న ఊరి నుంచి బస్సులో వచ్చాడు. శవాన్ని ఊరికి చేర్చాలి. బాపు నన్ను తోడు రమ్మన్నాడు. వాన పడుతోంది. ముందు సీట్లో మా పక్కన కూర్చోమని బాపు ఎంత చెప్పినా ఆ పెద్దమనిషి వినలేదు. "మా పిలగాడు ఎనక ఒక్కడే అయితడు సారూ" అన్నాడు. టార్పాలిన్ కొడుకు మీద కప్పి, తాను వానలోనే కూర్చున్నాడు.

వెనుక అద్దంలోంచి నాకు ఆయన చెయ్యి ఒక్కటే కనబడేది. ఎడమవైపు డాలా అంచును పట్టుకున్న చెయ్యి. చూడొద్దనుకుంటూనే దారంతా చూశాను. ఊరు వచ్చాక కూడా ఆ పట్టు వదల్లేదు. బాపు వెనక్కి ఎక్కి, ఆయన వేళ్లు ఒక్కొక్కటే నెమ్మదిగా విడదీశాడు. ఆ చోట పట్టీ క్లిప్పులోంచి ఊడి పైకి లేచి ఉంది. బాపు తర్వాత దాన్ని కొట్టి కూర్చోబెడితే మళ్లీ లేచింది. ఇక దాని జోలికి పోలేదు.

ఇదంతా విన్నాక అమ్మాయి లేచి లోపలికి వెళ్లింది. పెండ్లికి వేరే కారు మాట్లాడాల్సి వస్తుందనుకున్నాను.

అయినా పని ఆపలేదు. గ్రిల్, బంపర్లు, రింగులు సాఫీగానే బిగిశాయి. కుడివైపు పట్టీ ఒక కొస నుంచి అరచేత్తో నొక్కుతూ పోతే క్లిప్పులు టక్కు టక్కుమని రంధ్రాల్లో కూర్చున్నాయి. ఎడమవైపే కుదరలేదు. సరిగ్గా ఆ చోట. సుల్తాన్ బజార్ అవతల పాత స్పేర్ పార్టుల దుకాణాలు తిరిగి కొత్త క్లిప్పులు తెచ్చాను. సాయంత్రం గట్టిగా కూర్చున్నది పొద్దున చూస్తే వేలు దూరేంత లేచి ఉండేది.

ఒకరోజు ఆ చోటే నొక్కి పట్టుకుని ఉండగా బండి నా వైపు ఒరిగింది. వెనుక ఎవరో ఎక్కినప్పుడు చక్రాల మీద బరువు మోసే కమాన్‌పట్టాలు కిందికి దిగి మూలుగుతాయి చూడండి, ఆ మూలుగే వినిపించింది. తలెత్తి చూశాను. డాలా ఖాళీ.

గేటు దగ్గర నిలబడ్డ అమ్మాయి, "నాన్న, బండి ఎక్కినవా నువ్వు?" అంది.

"లేదు."

పాత బండి, ఎగుడుదిగుడు వాకిలి, ఏవో కారణాలు ఉంటాయి. ఆ క్షణాన నాకు ఒక్కటీ తోచలేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మాయి స్నానం చేసి వచ్చి, నన్ను అడగకుండా బండి వెనక్కి ఎక్కింది. నేను చూపించకుండానే ఆయన కూర్చున్న చోటే కూర్చుంది. "క్లిప్పు వద్దు నాన్న. నువ్వు బయట నుంచి స్క్రూ తిప్పు, నేను లోపల నట్టు పట్టుకుంట" అంది. అలాగే చేశాం. దారపు పోగంత సందు మిగిలింది గానీ పట్టీ నిలిచింది.

మా ఆవిడ మెట్ల మీద నిలబడి చూస్తోంది. "అన్ని తెలిసినంక గూడ ఈ బండ్లనే పోతవా?"

"పోత అమ్మ. తాత అందరిని సాగనంపిండు. నన్ను గూడ సాగనంపనీ."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

పెండ్లినాడు మా ఆవిడ తన అన్న కారులో ముందు వెళ్లింది. నేను, అమ్మాయి బండిలో. అశోక్‌నగర్ రోడ్డు మీద హాస్టల్ పిల్లలు చాయ్ గ్లాసులు పట్టుకుని, "సూపరున్నదన్నా బండి!" అని కేకలేస్తూ ఫోన్లలో ఫొటోలు తీశారు. అమ్మాయి నవ్వుతూ చెయ్యి ఊపింది.

నారాయణగూడ సిగ్నల్ దగ్గర ఆగాం. కాలిబాట మీద కూరగాయల సంచితో ఒక ముసలాయన పోతున్నాడు. బండిని చూసి ఆగాడు. సంచి కింద పెట్టి, చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి తల వంచాడు. ఆయన మమ్మల్ని చూడలేదు. వెనుక డాలా వైపు చూశాడు. అక్కడ పూలబుట్టలు తప్ప ఏమీ లేవు.

అమ్మాయి గొంతు తగ్గించి, "నాకు మొక్కిండా నాన్న, ఎనకున్నోళ్లకా?" అంది.

ఆమె గోరింటాకు చేతులు కిటికీలోంచి బయటికి పెట్టి ఆయనకు నమస్కారం చేసింది. అప్పుడు చూశాడాయన, లోపల పెండ్లికూతురు ఉన్నదని. తడబడి కుడిచెయ్యి ఎత్తి దీవించాడు. పచ్చ సిగ్నల్ పడింది. అద్దంలో ఆయన ఇంకా అక్కడే, వట్టి కాళ్లతో నిలబడి ఉన్నాడు.

పెండ్లి బాగానే జరిగింది. అమ్మాయి బాగ్ లింగంపల్లిలో కాపురం ఉంటోంది. ఆదివారాలు అల్లుడితో వస్తుంది. మా ఆవిడ ఇప్పటికీ బండి ఎక్కదు. నేను వారానికోసారి బయటికి తీసి, వీధి చివరి దాకా తోలి తెస్తాను. స్టార్ట్ చేసే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను. ఎందుకు చూస్తారని మా ఆవిడ నన్ను ఎన్నడూ అడగలేదు.