కొత్త కార్డు వచ్చేదాకా

మాస్టారి ఎడమ కన్ను అప్పటికే పోయింది. నీటికాసుల జబ్బు. కుడికంటి చూపు కూడా నాలుగు వైపుల నుంచీ మూసుకొస్తోందనీ, మిగిలింది ఎన్నాళ్లుంటుందో చెప్పలేమనీ డాక్టరు అన్నారట. మాస్టారి అమ్మాయి ఆ మాట ఫోన్‌లో చెబుతుండగానే నా కంప్యూటర్ తెర మీద చారలు పడి, మిషన్ ఆగిపోయింది. లోపలి గ్రాఫిక్స్ కార్డు పాడవుతోంది. అలా ఆగడం ఆ వారంలో ఎన్నోసారో లెక్క కూడా తప్పింది.

మాస్టారు నాకు నాట్యం నేర్పిన గురువు. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ కూచిపూడిలో వాళ్లింట్లోనే ఉండి నేర్చుకున్నాను. నాట్యంలో నేను పైకి రాలేదు. విజయవాడలో ఇంట్లోనే కూర్చుని త్రీడీ యానిమేషన్ పనులు చేసుకుంటున్నాను. రెండేళ్ల కిందట చూడబోతే ఆయనొక మాటన్నారు.

"అమ్మాయ్, ఇరవై ఏళ్లప్పుడు నేను ఆడవేషం కట్టి నడిచొస్తే జనం కళ్లార్పేవాళ్లు కాదు. ఆ నడక ఎట్టా ఉండేదో నాకు మాత్రం తెలీదు. నన్ను నేను చూసుకోలా గదా."

ఆ రోజుల్లో ఎవరూ వీడియో తీయలేదు. మిగిలినవి రెండు ఫోటోలు. "నేను చూపిస్తాను మాస్టారూ" అనేశాను. ఆయన గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేసి చూపించారు. నేను చుట్టూ కెమెరాలు పెట్టి తీశాను. ఫోటోల్లోని ఇరవై ఏళ్ల మనిషిని కంప్యూటర్లో తయారుచేసి, ఆ అడుగులు ఆ కాళ్లకు నేర్పాను. ఇక మిగిలింది ఒక్కో బొమ్మనీ పూర్తిగా గీయించడం. అది చేయవలసింది ఆ కార్డే.

గవర్నరుపేటలో నేను ఎప్పుడూ కొనే షాపుకి వెళ్లాను.

"అదే కంపెనీది ఇప్పుడు దొరకదండీ" అన్నాడు షాపాయన. "కొత్త మోడల్ వస్తోందని పాతవి ఆపేశారు. రెండు నెలలు ఆగండి మేడమ్."

"ఆగలేనండీ."

"అయితే వేరే కంపెనీది ఉంది, ఇప్పుడే పట్టుకెళ్లొచ్చు. కానీ మీ సాఫ్ట్‌వేర్ దానిమీద నడుస్తుందో లేదో నేను చెప్పలేను."

నాకు తెలుసు, నడవదు. చీర కుచ్చిళ్లు, జడ ఊగడం, అన్నీ పాత కంపెనీ కార్డు మీదే పనిచేసే సాఫ్ట్‌వేర్‌లో చేశాను. కంపెనీ మారితే అవన్నీ మళ్లీ మొదటినుంచి చేసుకోవాలి. ఆగితే రెండు నెలలు. ఏడాదిన్నర పనిని చేతులారా పారేయలేక ఆగుదామనుకున్నాను.

ఆ రెండు నెలలూ నేను మనిషిలా లేను. కంప్యూటర్ పక్క మూత ఊడదీసి, టేబుల్ ఫ్యాను దాని మీదికి తిప్పిపెట్టేదాన్ని. అరగంట నడిచేది, ఆగేది. నెట్‌లో కంప్యూటర్లు అద్దెకిచ్చే వాళ్లకి నా పని పంపిస్తే, ఈ పాత సాఫ్ట్‌వేర్ మేం తీసుకోం అన్నారు. కార్ల ఎలక్ట్రానిక్ బోర్డులు బాగుచేసే ఆయన దగ్గరికి ఆటోనగర్ కూడా వెళ్లాను. ఆయన కార్డుని అటూ ఇటూ తిప్పి చూసి, "దీంట్లో నేను చెయ్యి పెడితే ఉన్నది కూడా పోద్దమ్మా" అని నా చేతిలో పెట్టేశాడు. ఇంటికొచ్చి కొత్త మోడల్ గురించి ఎవరెవరో రాసిన పుకార్లన్నీ చదివేదాన్ని. వచ్చే వారం అని ఒకడు, వచ్చే నెల అని ఇంకొకడు.

చివరికి షాపు నుంచి ఫోన్ వచ్చింది. విడుదల వాయిదా పడిందట. ఎప్పుడో తెలియదట.

ఆ మధ్యాహ్నమే మాస్టారి అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, పొద్దున నాన్న కాఫీ గ్లాసు కోసం బల్లంతా తడిమారు. గ్లాసు ఎదురుగానే ఉంది."

చెప్పులేసుకుని షాపుకి వెళ్లి వేరే కంపెనీ కార్డు తెచ్చుకున్నాను. చీర, జడ హడావిడిగా మళ్లీ చేసి, బొమ్మలన్నీ గీయించడానికి పదకొండు రోజులు పట్టింది. కుచ్చిళ్లు అట్టముక్కల్లా వచ్చాయి, జడ ఊగలేదు. బాగుచేసే ఓపిక లేదు, టైము అసలే లేదు. కంప్యూటర్‌ని అలాగే కారులో వేసుకుని కూచిపూడి వెళ్లాను.

మాస్టారు తెరకి ముక్కు ఆనించి కూర్చున్నారు. గొట్టంలోంచి చూసినట్టు తల అటూ ఇటూ తిప్పుతున్నారు.

"ఆఁ, పాదం కనపడింది. మొహం ఏదమ్మా?"

"పైన ఉంది మాస్టారూ. ఇంకొంచెం పైకి."

ఆయన చూపు మొహం దాకా వెళ్లేసరికి కాళ్లు పోయేవి. కాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ మనిషి తెర దాటిపోయేవాడు. చిన్నది చేస్తే పోల్చుకోలేకపోయారు. నిలిపి చూపిస్తే అది నడక కాదు. రెండు నెలల ముందైతే మనిషంతా ఒక్కసారే కనపడేవాడని వాళ్లమ్మాయి తర్వాత వంటింట్లో చెప్పింది. నన్ను తప్పుపట్టి చెప్పలేదు. అడిగాను కాబట్టి చెప్పింది.

ఎన్నిసార్లు వేశానో గుర్తులేదు. మెడ, నడుం, మడమ, ముక్కలు ముక్కలుగా చూశారు. చివరికి వెనక్కి వాలి కళ్లు తుడుచుకున్నారు.

"బానే చేశావమ్మా. నువ్వు పూర్తిగా చూశావుగా? ఎట్టా ఉంది నా నడక?"

బాగుందన్నాను. తెర ఆపి వైర్లు చుట్టడం మొదలుపెట్టాను. ఇంకా ఏమైనా చెబుతానేమోనని ఆయన నా వైపు కాకుండా కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. నేను ఆ కిటికీ దగ్గరున్నాననుకున్నారు.