బావ కారుకు నేను ఎంచిన టైర్లు

ఆ కారు మా బావకు అచ్చిరాలేదని ఊళ్లో అనేవాళ్లు. నన్నడిగితే ఆ కారుకే మా బావ అచ్చిరాలేదు. జర్మనీలో పుట్టి, బెంగళూరులో ఎవరో బిల్డరు ఇంట్లో గారాబంగా పెరిగి, చివరికి తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీ ముందర రేకుల షెడ్డు కింద నిలబడాల్సి వచ్చింది పాపం. పొడుగాటి నల్ల కారు. వచ్చిన వారానికే తెల్లబడింది. బండలు కోసే మిషన్ల దగ్గర లేచే పిండి మా ఊళ్లో చెట్లనూ వదలదు, మనుషుల కనురెప్పలనూ వదలదు. ఫ్యాక్టరీలో కూలీలు తాగే నీళ్లకు ట్యాంకరు కోసం ఎదురుచూడాలి గానీ, కారుకు మాత్రం పొద్దున నాలుగు బిందెలు, సాయంత్రం నాలుగు బిందెలు.

బావ లారీ క్లీనరుగా మొదలై, డ్రైవరై, సొంతానికొక లారీ కొని, అది ఐదు లారీలయ్యాక ఫ్యాక్టరీ పెట్టినవాడు. ఆ కథ ఆయన ఎంత గర్వంగా చెప్పేవాడో నేను అంత చిరాగ్గా వినేవాణ్ని. నేను బీఎస్సీ ఫస్టు క్లాసు. ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతూ, యాజమాన్యంతో గొడవపడి బయటికొస్తే, అక్క మొహం చూసి బావ తన ఆఫీసులో నాకొక కుర్చీ వేశాడు. ఇంగ్లీషు ఉత్తరాలు చదవడం, జవాబులు రాయడం నా పని. ఆయన పెట్టిన అన్నం తింటూ ఆయన్నే చిన్నచూపు చూడటం నాకప్పట్లో తప్పనిపించలేదు. చదువుకున్నవాడికి అది హక్కనుకున్నాను.

ఇది రెండువేల మూడో, నాలుగో సంవత్సరం మాట. అక్కకు అంతకుముందు రెండుసార్లు కడుపు నిలబడలేదు. మూడోసారి ఐదో నెల దాటింది. బెంగళూరు డాక్టరమ్మ నెలకోసారి వచ్చి చూపించుకొమ్మంది, దారిలో కుదుపులు తగలకూడదని గట్టిగా చెప్పింది. బావ ఆ కారును ఊరికి చూపించుకోవడానికే కొన్నాడని నేను కనబడిన ప్రతివాడితో అనేవాణ్ని. అక్కను కుదుపు లేకుండా బెంగళూరు తీసుకుపోవడానికి కొన్నాడేమోనని ఒకటి రెండుసార్లు తట్టింది గానీ, ఒప్పుకోబుద్ధి కాలేదు.

ఫ్యాక్టరీ ఆవరణంతా బండల ముక్కలే, ఒక్కోదాని అంచు కత్తిలా ఉంటుంది. లారీ టైర్లు ఓర్చుకుంటాయి. ఆ కారు టైర్ల పక్కలు పలచన. రెండు నెలలకే రెండింటికి కోతలు పడ్డాయి, ఇంకోదానికి పక్కన నిమ్మకాయంత ఉబ్బు లేచింది. అక్కను మళ్లీ బెంగళూరు తీసుకుపోయేలోపల టైర్లు మార్చక తప్పదు.

మా తట్టు లారీల వాళ్లకు ఒక పద్ధతుంది. కొత్త టైర్లు ముందర వేస్తారు, వెనక రీసోలువి వేస్తారు. రీసోలంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు అతికించడం. ముందు టైరు పోతే స్టీరింగు చేతిలో ఉండదు కాబట్టి అక్కడ కొత్తది కావాలి. వెనక జంట టైర్లుంటాయి, ఒకటి పోయినా ఇంకొకటి మోస్తుంది. లారీకి అది సరైన ఆలోచనే. బావ ఆ పద్ధతినే జర్మనీ కారుకు తెచ్చాడు. ఒక సాయంత్రం ఆఫీసులో మేస్త్రీ, గుమాస్తా, బండలు కొనడానికొచ్చిన ఇద్దరు బళ్లారి వ్యాపారులు ఉండగా, ముందరికి రెండు కొత్తవి తెచ్చి వెనక్కి రీసోలు వేయిద్దామన్నాడు.

నేను పకపకా నవ్వాను. ఆ కారును ముందుకు నెట్టేది వెనక చక్రాలే, అక్కడ జంట టైర్లు లేవు, వంద మీద పోయేటప్పుడు అతుకు ఊడితే మనుషులు మిగలరు. ఈ మాటలు నెమ్మదిగా చెప్పొచ్చు. నేను చెప్పింది ఇది:

“కారు మారినా నీది లారీ బుద్ధే కదా బావా.”

బళ్లారి వ్యాపారులు గోడమీది క్యాలెండరు చూశారు. బావ మొహం చిన్నబోయింది. కాసేపు టేబులు మీద పేపర్‌వెయిట్ తిప్పి, “సరేలేప్పా. సదువుకున్నోనివి. యావి కావాల్నో నువ్వే చూసి తీసుకో” అన్నాడు. అలా ఆ టైర్ల పెత్తనం నా చేతికొచ్చింది. ఆ రాత్రి అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

బెంగళూరులో ఆ షాపు అద్దాల తలుపులతో నగల దుకాణంలా ఉంది. టై కట్టుకున్న మనిషి ఒకడు ఎదురొచ్చాడు. బావ తన లారీ కన్నడంలో ఏదో అడిగితే అతను నావైపు తిరిగి ఇంగ్లీషులో జవాబిచ్చాడు. బావ తెల్ల పంచె, కాళ్లకు చెప్పులు, నా ఇస్త్రీ ప్యాంటు చూసి ఎవరు ఎవరో అతను తేల్చేసుకున్నాడు. ఆ పొరపాటును నేను సరిదిద్దలేదు.

అతను టైరు మీది గాళ్లను చూపించి, ఇవి వాన నీళ్లను చక్రం కింద నుంచి రెండు పక్కలకూ తోసేస్తాయని, ఎంత వానలోనైనా కారు జారదని చెప్పుకొచ్చాడు. ఆ ఏడు మా జిల్లాలో వేసిన వేరుశనగ విత్తనం భూమిలోనే మాడిపోయింది. నీళ్లను తోసేసే టైరట, అదీ మాకు. నేను మాత్రం చాలా గొప్ప సంగతి విన్నట్టు తలూపి బావకు తెలుగులో వివరించాను. బావ అంతా విని, “నీళ్లు తోసేది సరే. రాళ్లకు ఓర్చుకునేది ఉండాదేమో అడుగప్పా” అన్నాడు.

నాకు సిగ్గేసింది. ఇంత పెద్ద షాపులో అడగాల్సిన ప్రశ్నేనా ఇది అనుకున్నాను. “అవన్నీ ఇందులోనే ఉంటాయి బావా” అని అబద్ధం చెప్పి ముందుకు నడిచాను.

తర్వాత నా విద్వత్తు ప్రదర్శన మొదలైంది. టైరు పక్కన ఉన్న అంకెలూ అక్షరాలూ పైకి చదవడం నాకు సరదా. ఇది వెడల్పు, ఇది ఎత్తు, ఇది మోసే బరువు, ఈ అక్షరం పోగల వేగం అని కలెక్టరు ముందు ఫైలు చదివినట్టు ఒక్కొక్కటే చదివాను. టై కట్టుకున్నవాడు ఆశ్చర్యపోయినట్టు నటించి, సార్‌కు అన్నీ తెలుసన్నాడు. ఆ మాట కోసం నేను ఎంత దూరమైనా వెళ్లేవాణ్ని, ఒక మూల దాకా రమ్మన్నాడు, వెళ్లాను. ముందర అద్దాల దగ్గర ఎండపడేచోట నాలుగు టైర్లు నిలబెట్టి ఉన్నాయి. ఈ సైజు దొరకడం కష్టమని, విదేశాల నుంచి వచ్చిన సెట్టు ఇదొక్కటే మిగిలిందని, సార్‌కు కాబట్టి తగ్గించి ఇస్తానని అన్నాడు. నేను అంకెలన్నీ సరిచూశాను. చివర్లో ఒక చిన్న గీతల చట్రంలో మూడంకెలున్నాయి. అవేమిటో నాకు తెలియలేదు, అడిగితే పరువు పోతుందని అడగలేదు. బావ వంగి తడిమి, మెరుపు మరీ ఎక్కువుందే అన్నాడు. కొత్తవి మెరవకుండా ఎలా ఉంటాయి బావా అన్నాను.

అక్కడే వేయించుకోవచ్చు గదా? కుదరదు. బావ మొదటి లారీ నుంచి ఏ కొత్త టైరైనా మా ఊరి బైపాసు రోడ్డు మీద పంక్చరు షాపు తాత చేత్తోనే ఎక్కాలి. ఆయన చెయ్యి మంచిదని నమ్మకం. అందుకని కొత్త టైర్లు రెండు డిక్కీలో, రెండు వెనక సీటు మీద దర్జాగా కూర్చుని వచ్చాయి, ఉబ్బు లేచిన పాతవి వాటిని మోసుకుంటూ రోడ్డు మీద దొర్లాయి. దారి పొడుగునా నేను ముసిముసిగా నవ్వుకుంటూనే ఉన్నాను.

తాత ఒకప్పుడు సేద్యం చేసినవాడే. బోరు ఎండిపోయాక పొలం బీడు పెట్టి రోడ్డు మీదికొచ్చాడు. ఆయన టైరును ఒళ్లో పెట్టుకుని, పెట్రోలు గుడ్డతో ఒకచోట మెరుపు తుడిచేసి, గాడిని వంచి బొటనవేలి గోరుతో నొక్కాడు. మళ్లీ ఇంకోచోట నొక్కాడు. మా వాళ్లు వేరుశనగ విత్తనం కొనేటప్పుడు ఒక గింజ పంటికింద కొరికి, పాతదో కొత్తదో చెప్పేస్తారు. తాత మొహం అచ్చం అలాగే ఉంది.

“అప్పా, ఇది పాత ఇత్తనం. పైకి నున్నగుండాది, లోపల జీవం లేదు” అన్నాడు బావతో.

నాకు ఒళ్లు మండింది. “ఆ మాట దానిమీద యాడ రాసుండాదో చూపియ్యి తాతా” అన్నాను. ఆయన టైరు తిప్పి వేలు పెట్టబోయాడు. నేను చూడలేదు. ఇంగ్లీషు అక్షరం రానివాడు నాకు టైరు చదివి చెప్పడమేమిటని అటు తిరిగి కానుగ చెట్టు కిందికి పోయాను.

బావ నా వెనకే వచ్చాడు. వెనక్కి ఇచ్చేద్దామా అని గొంతు తగ్గించి అడిగాడు. అంత పెద్ద మనిషి, ఐదు లారీల యజమాని, నన్ను అలా అడగడానికి ఆ సాయంత్రం ఆఫీసులో నేనన్న మాటే కారణమని నాకు తెలుసు. తెలిసీ సంతోషించాను. పంక్చరు తాత మాట విని వాపసు తీసుకుపోతే అక్కడ నవ్వుతారన్నాను. బావ తలకాయ ఊపి తాతను వేసేయమన్నాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. తాత మాత్రం పాతవాటిలో కోత పడనిది ఒకటి ఏరి, అడక్కుండానే స్టెప్నీగా డిక్కీలో పడేశాడు.

అక్కను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతుంటే, పెనుకొండ దాటిన తర్వాత, మిట్టమధ్యాహ్నం, తారు మెత్తబడే ఎండలో జరిగింది. బావ నడుపుతున్నాడు, నేను పక్కన, అక్క వెనక సీట్లో రెండు దిండ్ల మధ్య. బాంబు పేలినట్టు శబ్దం, కారు వెనక భాగం కుడికి ఈడ్చుకుపోయింది. ఎదురుగా లారీ వస్తోంది. నేను బ్రేకు, బ్రేకు అని అరిచాను. బావ బ్రేకు తొక్కలేదు. కాళ్లు రెండూ పైకి తీసేసి, స్టీరింగును రెండు చేతులా పట్టి, అటు లాగితే ఇటు, ఇటు లాగితే అటు సర్దుతూ, దాన్ని దానంతట అది నెమ్మదించనిచ్చాడు. లారీ మమ్మల్ని రాసుకున్నంత దగ్గరగా వెళ్లిపోయింది. కారు మట్టిలోకి దిగి ఆగింది.

బావ వెనక్కి తిరిగాడు. అక్క రెండు చేతులూ కడుపు చుట్టూ వేసుకుని కళ్లు మూసుకుని ఉంది. తర్వాత అక్క కళ్లు తెరిచి, “కదుల్తాండాదిలే” అంది.

బావ దిగి, పంచె ఎగ్గట్టి, తాత వేసిన పాత టైరును తనే బిగించాడు. జాకీ తిప్పుతూ, నా మొహం చూడకుండానే, “ఎనక టైరు పోతే బ్రేకు తొక్కకూడదప్పా. బండి తిరుగుకుంటాది. లారీలో నేర్చుకున్నా” అన్నాడు. నన్ను దెప్పడానికి అనలేదు. ఎప్పటికైనా నాకు పనికొస్తుందని చెప్పాడు. దెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

డాక్టరమ్మ చూసి బిడ్డ క్షేమమంది. ఊరికొచ్చాక పేలిన టైరు తీసుకుని నేనొక్కణ్నే తాత దగ్గరికి పోయాను. ఆయన దాన్ని తిప్పి, ఆ రోజు పెట్టబోయిన చోటే వేలు పెట్టాడు. నేను అడగకుండా వదిలేసిన ఆ మూడంకెలు. ఏ వారం, ఏ సంవత్సరం తయారు చేశారో అక్కడ ఉంటుందట. ఇప్పటివాటికి నాలుగంకెలుంటాయట, మూడున్నాయంటే పాత కాలం సరుకు. అద్దాల వెనక ఎండలో ఎన్నేళ్లు ఎండిందో దేవుడికే తెలియాలి. మరి నీకు ఇంగ్లీషు రాదు కదా తాతా అన్నాను, ఇంకా సిగ్గులేకుండా.

“అంకెలకు ఇంగ్లీషు ఎందుకు సారూ” అన్నాడు.

ఇంట్లో మా నాయన అడిగితే రోడ్డు మీద రాయి తగిలిందని చెప్పాడు బావ. టైర్లు ఎవరు ఎంచారన్నది ఆయన నోట ఎవరూ వినలేదు. నేనూ చెప్పలేదు. అంత సిగ్గుమాలిన చవకబారుతనం నాలో ఉందని అప్పుడే తెలిసింది, అప్పటిదాకా అది బావలో వెతుకుతూ ఉన్నాను.

పదిరోజులకు మళ్లీ అదే షాపుకు బయలుదేరాం. వెనక సీట్లో తాత, ఉతికిన చొక్కా వేసుకుని, పేలిన టైరు పక్కన. నన్నెందుకు తీసుకుపోతున్నావు బావా అని అడిగాను. “నువ్వు సదువు, తాత నొక్కుతాడు” అన్నాడు. ఆ మాటలో వెటకారం ఉందేమోనని ఆయన మొహంలో వెతికాను. లేదు.

షాపులో బావ ఆ చినిగిన టైరును అద్దాల టేబులు మీద పెట్టి ఊరికే నిలబడ్డాడు. టై కట్టుకున్నవాడు దాన్ని చూసి, మా ముగ్గురినీ చూసి, గోడౌను తలుపు తెరిచాడు. ఈసారి నేను మొట్టమొదట ఆ చివరి చట్రంలో అంకెలు చూశాను. నాలుగుండాయి తాతా అన్నాను. తాత గోరుతో నొక్కి తలూపాడు. అప్పుడు నేను, బావ అడగకుండానే, మొదటిసారి నేను మింగేసిన ప్రశ్నను ఇంగ్లీషులో అడిగాను. మా దగ్గర రోడ్లనిండా పదునైన రాళ్లు, వాటికి ఓర్చుకునే టైరు ఏదైనా ఉందా అని.

ఉందన్నాడు. ఇదే సైజులో, పక్కలు మందంగా చేసినవి, గతుకుల రోడ్ల కోసమే వస్తాయట. ఎప్పటి నుంచి ఉన్నాయని అడిగాను. మీరు పోయినసారి వచ్చినప్పుడూ ఉన్నాయి సార్, మీరు అడగలేదు అన్నాడు.

ఏమంటున్నాడప్పా అని బావ అడిగాడు. ఆ మాటను తెలుగులోకి మార్చి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.