ఎడమ పక్క నుంచి వచ్చిన నాడె చప్పుడు

దెయ్యం కథలు చెప్పేవాళ్లు నా ముందు నోరు విప్పడానికి జంకేవాళ్లు. ముప్పై ఏళ్లుగా రేడియోలు, యాంప్లిఫయర్లు విప్పి బాగుచేస్తున్నవాణ్ణి. సెట్టు గుర్రుమన్నా కీచుమన్నా, ఎక్కడో ఒక ఊడిన తీగ ఉంటుంది. వెతికితే దొరుకుతుంది. దొరికేదాకా వదలకపోవడం నా జబ్బు. ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం రెండేళ్లుగా వెతుకుతూనే ఉన్నాను.

ముందు నా గుట్టు ఒకటి విప్పాలి. ఏడేళ్ల వయసులో గవదబిళ్లలు వచ్చి నా ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పాటల పిచ్చి మాత్రం పోకపోగా ముదిరింది. స్టీరియోలో రెండు పక్కల నుంచి సంగీతం ఎలా వస్తుందో ఒక్కసారి వినాలని జీవితమంతా ఆశపడ్డాను.

వేలూరు చుట్టుపక్కల నాలాంటి పిచ్చివాళ్లం ఐదుగురం ఉన్నాం. నెలకో ఆదివారం ఒకరింటికి వెళ్లి వాళ్ల సెట్టు వింటాం. మాలో ఒక పద్ధతి ఉంది. వచ్చినవాడు తన రికార్డు తానే తెచ్చుకోవాలి. స్పీకర్లకు ఎదురుగా, సరిగ్గా నడిమధ్య వేసిన కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుని, ఏ వాయిద్యం ఎటు నుంచి వస్తోందో చేత్తో చూపించాలి. అంతసేపూ ఇంటాయన నోరెత్తకూడదు.

ఆ పరీక్షలో నాకు ఎదురులేదని పేరు. అసలు సంగతి ఏమిటంటే, ఎక్కడికి వెళ్లినా నేను ఒకే రికార్డు పట్టుకెళ్తాను. అందులో వయొలిన్ ఎడమ, మృదంగం కుడి, తంబురా నడుమ అని తోటివాళ్ల మాటల్లో విని ఎప్పుడో బట్టీపట్టాను. ఇరవై ఏళ్లు అలాగే నెట్టుకొచ్చాను. స్పీకర్లు కొనేముందు నన్ను పిలిచి సలహా అడిగేవాళ్లు కూడా ఉన్నారు. రాస్తుంటే సిగ్గుగా ఉంది.

గుడియాత్తంలో ఉండే దామోదరం అప్పట్లో ఆరోవాడిగా మాతో కొత్తగా కలిశాడు. నాకంటే పదేళ్లు చిన్న. నేతవాళ్ల కుటుంబం. తండ్రి పోయాక మగ్గం విప్పేసి, తను ఫ్యాక్టరీ పనికి చేరి, ఆ గదిని పాటల గదిగా మార్చుకున్నాడు. అది గుంట మగ్గం. నేతగాడు కాళ్లు పెట్టుకునే గుంట అలాగే ఉంచి, పైన పలకలు పరిచి, వాటికి బొక్క కోసి ఒక పెద్ద స్పీకరు బిగించాడు. కింద ఉన్న గుంటే దానికి పెట్టె అన్నమాట. అది బరువైన చప్పుళ్లకు; ఎడమ, కుడి స్పీకర్లు రెండూ మామూలుగా ఎదుటి గోడ దగ్గరే. ఆ సంగతి వినగానే ఆగలేకపోయాను. ఆ నెల మిగతా నలుగురికీ ఏదో పెళ్లి అడ్డుపడింది. బాగాయంలో మా ఇంటి దగ్గర బస్సెక్కి, వేలూరులో మారి, నేనొక్కణ్ణే వెళ్లాను.

ఉదయం పదకొండు గంటలు. కుర్చీని గుంట అంచున వేశాడు. వాళ్ల నాయన నేతకు కూర్చునే చోటు అదేనట. రికార్డు పెట్టగానే కళ్లు మూసుకుని, అలవాటు ప్రకారం వయొలిన్‌కు ఎడమ చెయ్యి ఎత్తాను.

పద్ధతి తెలిసినా దామోదరం ఉండబట్టలేకపోయాడు. "అన్నా, నిన్న దుమ్ము దులిపి వైర్లు అటుదిటు తగిలించినట్టుండాది. వయొలిన్ కుడి నుంచి గదా వస్తా ఉండేది. నువ్వు ఎడమ చూపిస్తివే?"

ఎత్తిన చెయ్యి దించేశాను. అతను రికార్డు ఆపి, నా ముఖంలోకి చూసి, మెల్లగా అడిగాడు. "ఎడం చెవి వినపడదా అన్నా?"

ఇరవై ఏళ్ల అబద్ధం ఒక్క ప్రశ్నకు కూలిపోయింది. అవునన్నాను.

"పర్వాల్దులే. మా నాయనకి మగ్గం చప్పుడుతో రెండూ మందమైపోయినాయి. కూర్చో, కాపీ తెస్తా," అని సెట్టు స్విచ్చి తీసేసి వంటింట్లోకి వెళ్లాడు.

అప్పుడు వినిపించింది. టక్. దభ్. టక్. మగ్గం మీద అడ్డదారం మోసే నాడె అటు నుంచి ఇటు దూసుకొచ్చి కొసనున్న పెట్టెకు కొట్టుకున్న చప్పుడు, నడుమ దారాన్ని బిగించే పలక దెబ్బ, మళ్లీ ఇటు నుంచి అటు. కుడివైపుది నాకు మామూలే. రెండోది నా తలకు అవతలి పక్క నుంచి వచ్చింది. నలభై ఆరేళ్లుగా అక్కడ ఏమీ లేదు.

కుడి చెవిలో వేలు దూర్చుకున్నాను. కుడివైపు చప్పుడు పోయింది. ఎడమవైపుది పోలేదు.

భయం వేయలేదు. ఏడుపొచ్చింది. కానీ ఇప్పుడు ఏడిస్తే రేపు నన్ను నేనే నమ్మనని తెలుసు. వేలు తీసేసి, పళ్లు బిగబట్టి లెక్కపెట్టాను. ఇరవై నాలుగు దెబ్బలు, చిన్న విరామం. ఆరు, విరామం. నాలుగు, విరామం. ఆరు. మళ్లీ ఇరవై నాలుగు. మూడుసార్లు అదే వరస. దామోదరం గ్లాసులతో గుమ్మంలోకి రాగానే ఆగిపోయింది. దగ్గర్లో ఎవరిదైనా మగ్గం నడుస్తోందా అని అడిగాను.

"మగ్గమా? ఈ వీధిలో అన్నీ ఎత్తేసినారు గదన్నా. యాడుండాది ఇప్పుడు?"

అతని మాట నమ్మకుండా, వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిచి, ప్రతి ఇంటి ముందూ నిలబడి చూసి వచ్చాను. ఒక్క మగ్గం లేదు. అప్పుడు నా లెక్క చెప్పాను. అతను గ్లాసు కింద పెట్టి, ట్రంకుపెట్టె తెరిచి ఒక గళ్ల లుంగీ తీశాడు.

"మా నాయన చివరగా నేసింది. గళ్లు ఆయన సొంతంగా కట్టినవి. కట్టుకునేదానికి మనసు రాలే."

దారాలు లెక్కపెట్టే చిన్న భూతద్దం పెట్టి అడ్డదారాలు ఇద్దరం విడివిడిగా లెక్కించాం. నీలం ఇరవై నాలుగు. తెలుపు ఆరు. ఎరుపు నాలుగు. తెలుపు ఆరు. "రంగు మారేటప్పుడు నాడె మార్చల్ల. దానికే చప్పుడు నిలబడేది," అన్నాడు.

ఆ వారమే ఆసుపత్రిలో చెవి పరీక్ష చేయించుకున్నాను. ఎడమ చెవి సున్నా, ఎప్పటిలాగే. అలాంటి లుంగీ ఎక్కడైనా చూసి మరిచిపోయానేమోనని గుడియాత్తం బజారులో కొట్టుకొట్టూ తిరిగాను. కనపడలేదు. కనపడనంత మాత్రాన చూడలేదని కాదు, ఒప్పుకుంటాను. ఒంటరిగా కూర్చున్నప్పుడు మనసే కల్పించిందా? అయితే ఆ లెక్క దానికెవరు చెప్పారు? ఎన్ని రకాలుగా విప్పి చూసినా ఊడిన తీగ దొరకలేదు.

మిగతా నలుగురికీ నా చెవి సంగతి చెప్పేశాను. ఒకతను నెల రోజులు మాట్లాడలేదు. దానికి అతన్ని తప్పుపట్టను.

వీలైన ప్రతి ఆదివారం గుడియాత్తం వెళ్తున్నాను. సెట్టు ఆపేసి ఆ కుర్చీలో గంటసేపు కూర్చుంటాను. మళ్లీ ఒక్కసారి కూడా వినపడలేదు. అయినా మానను.

కాపీ తెచ్చిన ప్రతిసారీ దామోదరం గుమ్మంలోనే నిలబడి అడుగుతాడు. "మా నాయన వచ్చినాడా అన్నా?"

అవునంటే ఆ ముఖం ఎంత వెలుగుతుందో నాకు తెలుసు. కానీ ఇరవై ఏళ్లు అలాంటి కుర్చీల్లో కూర్చుని అబద్ధం చెప్పినవాణ్ణి. లేదనే చెప్తాను.