నడిమి కంబం

కాటన్‌పేటలో ఆదినారాయణప్పను ఇప్పటికీ లైన్‌మ్యాన్ అనే పిలుస్తారు. టెలిఫోన్ శాఖలో ముప్పై మూడేళ్లు తీగల కంబాలెక్కి రిటైరైన మనిషి. లైను చచ్చిపోతే ఆయన ఈ చివర నుంచి ఆ చివరకు వెతికేవాడు కాదు. నేరుగా నడిమి కంబమెక్కి, తీగకు చేతి ఫోను తగిలించి వినేవాడు. అక్కడిదాకా మాట వస్తే ఆ సగం బాగున్నట్టే. మిగిలిన సగంలో మళ్లీ నడిమికి. ప్రతి పరీక్షా ఒక కాగితం మీద రాసుకునేవాడు.

ఆ సోమవారం పొద్దున పక్కింటి నాగరాజ్ ఆటో గడప ముందే నిలబడి ఉంది.

"ఏమప్పా, బండి కదల్లేదే?"

"ఫోన్లో నెట్ రాలేదు మామా. మొన్న అప్‌డేట్ అయినప్పట్నుంచి గుండ్రంగా తిరగతానే ఉండాది. యాప్ తెరుచుకుంటే కదా బాడుగ దొరికేది. రెండు దినాలు పోయినాయి. ఫోన్ల అంగడాయప్ప అంతా చెరిపేసి కొత్తగా చెయ్యాలంటాడు."

"చెరిపేస్తే తప్పెక్కడో ఎట్ల తెలుస్తుంది?"

"తెలిసి ఏం చేసుకోవాల మామా? నాకు బాడుగ కావాల."

భాగీరథమ్మ వంటింట్లోంచే అంది. "రిటైరయి పదేండ్లాయ, మా ఇంటాయన ఇంకా కంబం దిగలా. జాగ్రత్త నాగరాజా, నీ ఫోన్ కూడా ఎక్కుతాడు."

ఆయన అప్పటికే క్యాలెండర్ కాగితం చించుకున్నాడు. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. తన ఫోన్ నెట్‌ను హాట్‌స్పాట్ పెట్టి నాగరాజ్ ఫోనుకు అందించాడు. యాప్ వెంటనే తెరుచుకుంది.

"ఫోన్ బాగుండాది, యాప్ బాగుండాది. సగం లైను అయిపోయె."

నాగరాజ్ కూడా ముందుకు వంగాడు. ఇక మిగిలినవి రెండు సిమ్‌లు. మొదటిది అతనిది. రెండోది వాళ్ల నాన్న బైరప్పది. ఇదే ఆటో నడిపేవాడు, నిరుడు పోయాడు. ఆసుపత్రికి వెళ్లే ముసలమ్మలు ఇప్పటికీ ఆ నంబరుకే చేస్తారని నాగరాజ్ దాన్ని బతికించి ఉంచాడు. మాటలకు మాత్రమే రీఛార్జ్, నెట్ లేదు.

మొదటి సిమ్ తీసి చూశారు. నెట్ రాలేదు. దాన్ని పెట్టి రెండోది తీశారు. అంతే, ఆగిపోయిన మెసేజ్‌లన్నీ టకటకా వచ్చి పడ్డాయి.

నాగరాజ్ లేచి నిలబడ్డాడు. "చాలు మామా. ఇట్లే ఉండనీ." నాన్న సిమ్ అరచేతిలోనే ఉంది. వేళ్లు దాని మీదికి ముడుచుకున్నాయి.

"మరి మీ నాయన నంబరు?"

అతను ఆటో వైపు చూశాడు. "బండి తిరగాల కదా మామా."

"సుమ్నే గమ్మున కూర్చోప్పా. లైను వచ్చింది గానీ తప్పు ఇంకా దొరకలేదు. ఇట్లా ఇయ్యి."

సిమ్ మళ్లీ పెట్టగానే నెట్ ఆగింది. ఆదినారాయణప్ప మొహం వెలిగింది. సెట్టింగ్స్‌లోకి పోయి, రెండు సిమ్‌ల పేర్లున్న పేజీ తెరిచాడు. డేటాకు ఏ సిమ్ వాడాలన్న చోట చుక్క బైరప్ప పేరు పక్కన ఉంది. అప్‌డేట్ దాన్ని అక్కడికి జరిపేసింది.

"చూడప్పా, రెండు దినాలుగా నీ ఫోను నెట్ కోసం మీ నాయన్ని అడగతా ఉండాది. ఆయన యాడ తెచ్చిస్తాడు?"

నాగరాజ్‌కు నవ్వొచ్చింది. చుక్కను తన పేరు పక్కకు మార్చాడు. నెట్ వచ్చింది, రెండు సిమ్‌లూ లోపలే ఉన్నాయి.

అతను ఆటో స్టార్ట్ చేయగానే ఫోన్ మోగింది. ఇంజిన్ ఆపి ఎత్తాడు.

"లేదమ్మా, బైరప్ప కొడుకుని. బండి అదే. వస్తా ఉండా."

ఆదినారాయణప్ప అరుగు మీద కూర్చుని కాగితం చివర రాసుకున్నాడు: 'రెండో సిమ్, మాట బాగుంది.' దాని కింద ఇంకో వరుస: 'చుక్క ఎందుకు జరిగింది?'